గర్భసంచి, ఓవరీల తొలగింపు తరువాత యోనిమంట. వైబ్రేటర్ వాడకంపై సలహా: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని మహిళ వయసు 41 ఏళ్లు. జడ్చర్ల, కల్వకుర్తి మధ్య ఉన్న ఒక మండల కేంద్రంలో సొంతంగా టైలరింగ్ షాపు నడుపుకుంటున్నారు. భర్త ముంబైలో మేస్త్రీ పని చేస్తూ దసరాకు, ఉగాదికి, దగ్గరి బంధువుల పెళ్లిళ్లకు ఇంటికి వస్తుంటారు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. 36వ ఏట నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందని గర్భసంచితో పాటు రెండు ఓవరీలనూ తీసేశారు. ఆమె అనుమతి తీసుకుని, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఇది రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెప్పుకున్న బాధ మంట, తెల్లబట్ట, మూత్రం పోసేటప్పుడు చురుకు. "ఏడాది సంది ఇదే బాధ మేడం. గోళీలు మింగితె రెండు దినాలు తక్కువైతది, మల్ల అట్లనే" అన్నారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ పలుమార్లు ఇచ్చిన ఫంగస్ మాత్రల ఖాళీ అట్టలు ఆమె సంచిలోనే ఉన్నాయి. భర్త వచ్చిన రోజుల్లో కలయిక నొప్పిగా ఉండడం, ఆ తరువాత రెండు మూడు రోజులు కూర్చోవడానికి కూడా ఇబ్బంది కావడం గురించి నేను అడిగితేనే చెప్పారు. సిస్టర్‌ను బయటికి పంపి తలుపు వేశాక, "ఒకటి చెప్పాలె మేడం, కోపం జేయొద్దు" అంటూ మిగతాది చెప్పారు. ఫోన్‌లో బాడీ మసాజర్ పేరుతో అమ్ముతున్న ఒక వైబ్రేటర్‌ను కొన్నారు. ఒంటరిగా ఉన్నప్పుడు తన కోసం వాడుకోవాలన్నది ఒక కారణం, లోపల ఎంత నొప్పి ఉందో తనంతట తాను చూసుకోవాలన్నది ఇంకో కారణం. వాడిన ప్రతిసారీ మంట పెరిగేది. మంట పెరిగిందంటే లోపల క్రిములు చేరాయని అనుకుని, గాయాలకు వాడే యాంటీసెప్టిక్ ద్రవాన్ని మగ్గు నీళ్లలో కలిపి పైనా లోపలా కడుక్కునేవారు. తడి కోసం తలకు రాసుకునే సువాసన నూనె వాడారు.

తరువాతి సారి ఆ పరికరాన్ని కూడా వెంట తెమ్మని అడిగాను. ఇలాంటి కేసుల్లో పరికరాన్ని కళ్లారా చూడకుండా సలహా ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చారు. డబ్బా మూత తీయగానే కొత్త వానచెప్పుల వాసన గుప్పుమంది. ఆ వాసన మెత్తటి జెల్లీ ప్లాస్టిక్‌ది. ఆ పదార్థాన్ని మెత్తబరచడానికి కలిపే రసాయనాలు, ముఖ్యంగా థాలేట్లు, కాలక్రమంలో పైకి ఊరుతుంటాయి. తాకితే వేలికి జిగురుగా తగిలింది, చీర దారపు పోగులు దానికి అంటుకుని ఉన్నాయి. రెండు అచ్చులు కలిసే చోట పొడవునా సన్నని గట్టు తేలి ఉంది. దూదిని దాని మీదుగా లాగితే నూలు తెగి అక్కడే నిలిచిపోయింది. ఆమె బట్టలు కుట్టే మనిషి కాబట్టి నాకంటే ముందే దాన్ని గమనించారు: "అతుకు సాపుగ లేదు మేడం, అప్పుడే అనుకున్న." దూదిని పట్టి లాగేసే గట్టు పలుచబడ్డ యోని పొరను ఏం చేస్తుందో ఆమెకు వేరే చెప్పనవసరం లేకపోయింది.

పరీక్ష

యోని పొర పాలిపోయి, మడతలు పోయి నున్నగా, పలుచగా ఉంది. ద్వారం కింది అంచున, గడియారంలో ఆరు అంకె ఉండే దిక్కున, రెండు చిన్న చీలికలు కనిపించాయి. బయటి చర్మం యాంటీసెప్టిక్ తగిలినంత మేర ఎర్రగా కంది ఉంది. యోని పైకొసన ఆపరేషన్ కుట్ల చోటు పూర్తిగా మానింది, అక్కడ నొప్పి లేదు, రక్తం లేదు. యోనిలో ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ కాగితం మీద 6 చూపింది; అంకె పెరిగితే ఆమ్లత్వం తగ్గినట్టు. ఓవరీల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ సరిపడా ఉన్న స్త్రీలో ఇది 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే ఫంగస్ లేదు, కలయిక ద్వారా సోకే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి లేదు. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేదు, షుగర్ లేదు. వేలితో పరీక్షించేటప్పుడు యోని చుట్టూ ఉన్న కటి కండరాలు తాకకముందే బిగుసుకున్నాయి. అది ఆమె ఇష్టంతో చేసే పని కాదు; ఏడాదిగా నొప్పిని ఎదురుచూడడం అలవాటైన ఒళ్లు చేసే పని.

కాబట్టి నా నిర్ధారణ మూడు పొరలుగా ఉంది. అన్నిటికీ అడుగున ఓవరీలు పోవడంతో ఈస్ట్రోజన్ పడిపోయి పొర పలుచబడడం. దాని మీద యాంటీసెప్టిక్, సువాసన నూనె, జెల్లీ ప్లాస్టిక్ కలిసి రేపిన మంట. ఆపైన నొప్పి భయంతో కండరాల బిగింపు. ఫంగస్ మాత్రలు ఈ మూడింటిలో దేన్నీ తాకలేదు. పరికరం కొన్నందువల్లే ఈ జబ్బు వచ్చిందని ఆమె గట్టిగా నమ్మారు, కొన్నందుకు శిక్ష అనుకున్నారు. నిజానికి పొర ఐదేళ్ల ముందు నుంచే పలుచబడుతూ వచ్చింది; అదే పరికరం వేరే స్త్రీకి కొంచెం చికాకు కలిగించి ఊరుకునేది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవారి నిష్పత్తి ఎక్కువగా తేలిన రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. 15 నుంచి 49 ఏళ్ల వయసు స్త్రీలలో నూటికి సుమారు 8 మంది. పాలమూరు పల్లెల నుంచి నా దగ్గరికి వచ్చేవారిలో ఓవరీలు ఉన్నాయో తీసేశారో తమకే తెలియనివారు చాలామంది. డిశ్చార్జి కాగితం పోయి ఉంటుంది, లేదా అందులో "ఆపరేషన్ చేయబడినది" అని తప్ప ఏమీ ఉండదు. నలభై దాటని స్త్రీకి రెండు ఓవరీలూ తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగినట్టు. ఆ సంగతి ఆపరేషన్‌కు ముందు ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ముందు పొర, తరువాతే పరికరం

మొదటి పనిగా యాంటీసెప్టిక్, నూనె, లోపల కడుక్కోవడం అన్నీ ఆపించాను. యోని లోపలి భాగం తనను తాను శుభ్రం చేసుకుంటుంది. బయట మాత్రం మామూలు నీళ్లు చాలు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ జబ్బు లేవని నిర్ధారించుకుని, ఈస్ట్రోజన్‌లో ఒక రకమైన ఈస్ట్రియాల్ క్రీమ్‌ను యోనిలో రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తరువాత వారానికి రెండుసార్లు రాసుకోమన్నాను. 36 ఏళ్లకే ఓవరీలు పోయినందున ఎముకల కోసం, గుండె కోసం చర్మానికి రాసే ఈస్ట్రోజన్ జెల్ కూడా మొదలుపెట్టాను. గర్భసంచి లేదు కాబట్టి దాని లోపలి పొరను కాపాడడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ హార్మోన్ అవసరం పడలేదు. కలయిక, పరికరం రెండూ పొర కోలుకునే దాకా వద్దన్నాను.

"మల్ల వాడుకోవచ్చా మేడం, తప్పు కాదా?" అని అడిగారు. ఒక పెద్ద మనిషి తన ఒంటితో, ఎవరికీ హాని లేకుండా, తన గదిలో చేసుకునే పనిలో వైద్యపరంగా తప్పు లేదని చెప్పాను. భర్త కోసం అలవాటు చేసుకోవడానికైతే సరే, తన సుఖం కోసమైతే సరికాదు అనే తేడాను నేను పాటించను. పార్సిల్ తెచ్చినవాడి మీద గానీ తన మీద గానీ పోలీసు కేసు అవుతుందేమోనని కూడా ఆమె భయపడ్డారు. భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్, అంతకుముందు ఐపీసీ 292, అశ్లీల వస్తువుల అమ్మకం, పంపిణీ, ప్రదర్శన గురించి మాట్లాడతాయి. ఇంట్లో సొంత వాడకానికి ఉంచుకోవడం గురించి కాదు. బాడీ మసాజర్లను నిషిద్ధ వస్తువులుగా భావించి కస్టమ్స్ వారు పట్టుకున్న కేసులో 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు దిగుమతిదారు వైపే తీర్పిచ్చింది.

ఎనిమిది వారాల తరువాత పొరకు గులాబి రంగు తిరిగి వచ్చింది, చీలికలు మానాయి, పీహెచ్ 5కు దిగింది. పాత పరికరాన్ని పారేయమన్నాను. జెల్లీ ప్లాస్టిక్‌లో కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి, ఎంత కడిగినా వాటిలో చేరిన క్రిములు పోవు. కొత్తది కొనేటప్పుడు వాసన రానిది, నూటికి నూరు శాతం సిలికాన్ అని గానీ ఏబీఎస్ ప్లాస్టిక్ అని గానీ స్పష్టంగా రాసి ఉన్నది, అతుకు వేలికి తగలనిది చూసుకోవాలి. స్టీలు, గట్టి బోరోసిలికేట్ గాజు కూడా రంధ్రాలు లేని పదార్థాలే. గాజును మాత్రం ప్రతిసారీ వెలుతురులో తిప్పి చూసి, చిన్న గీటు పడినా పక్కన పెట్టాలి. ఈ వస్తువుల తయారీ, భద్రత కోసం 2021లో ఐఎస్‌ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. పెట్టె మీద ఆ మాట కనిపిస్తే మంచిదే. కనిపించకపోతే పదార్థం పేరైనా రాసి ఉండాలి, అదీ లేని వస్తువును కొనవద్దని చెబుతాను. మొదటిసారి కొనేవారికి బొటనవేలంత చిన్నది, బయట మాత్రమే వాడేది చాలు. పెద్దదైతే డబ్బుకు తగ్గట్టు ఉంటుందనుకుని కొనేవారే తరువాత నా దగ్గరికి వస్తుంటారు.

ఆమెకు చెప్పిన పద్ధతి ఇది. మూత్రం పోసుకుని, చేతులు కడుక్కుని, గోళ్లు తీసుకుని, తలుపు గడియ వేసుకుని, తొందర లేని సమయం చూసుకోవాలి. ఎవరైనా తలుపు కొడతారేమోనన్న ఆదుర్దా ఉంటే కండరాలు సడలవు. ఆమెకు మధ్యాహ్నం షాపు మూసే వేళ అనువుగా ఉంది. మోకాళ్ల కింద దిండు పెట్టుకుని వెల్లకిలా గానీ, పక్కకు తిరిగి గానీ పడుకుని, పరికరాన్ని మొదట అరచేతి మీద, తరువాత తొడ మీద అతి తక్కువ వేగంలో పెట్టి చూడాలి. ఆ తరువాత పల్చటి నూలు బట్ట మీద నుంచే యోని పెదవులకు తాకించాలి. క్లిటోరిస్ చాలా సున్నితమైన భాగం, నేరుగా దాని మొన మీద పెడితే సుఖానికి బదులు చురుకు పుడుతుంది. పక్కల నుంచి, పైనుంచి, చోటు మారుస్తూ కదపాలి. ఒకే చోట ఎక్కువసేపు ఉంచితే తిమ్మిరెక్కుతుంది. అది కొద్దిసేపటికి తగ్గిపోతుంది, నరాలేమీ చచ్చిపోవు, కానీ తిమ్మిరిలో పొర గీరుకుపోయినా తెలియదు కాబట్టి ఆపేయాలి. మొదట్లో పది నిమిషాలు మించనవసరం లేదు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారు వాడిన తరువాత అద్దంలో చర్మాన్ని చూసుకోవడం మంచిది.

లూబ్రికెంట్ విషయంలో ఆమెకు ఎక్కువసేపు చెప్పాను, ఎందుకంటే మంటలో సగం అక్కడి నుంచే వచ్చింది. నీటి ఆధారిత జెల్ వాడాలి. వాసన, రంగు, వేడి లేదా చల్లదనం ఇస్తుందని చెప్పేవి వద్దు. గ్లిజరిన్ వంటివి ఎక్కువగా ఉన్న జెల్ చిక్కగా ఉండి కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ లూబ్రికెంట్ గాఢత, అంటే ఆస్మోలాలిటీ, కిలోకు 1200 మిల్లీఆస్మోల్స్ (mOsm/kg) మించకూడదని, 380 లోపు ఉంటే మేలని సూచించింది. యోనికి దాని పీహెచ్ కూడా 4.5 దగ్గర ఉండాలి. సిలికాన్ పరికరానికి సిలికాన్ జెల్ రాస్తే పైపొర దెబ్బతినవచ్చు. కొబ్బరినూనె పరికరాన్ని పాడుచేయదు గానీ, ఏ నూనె అయినా లేటెక్స్ కండోమ్‌ను కొన్ని నిమిషాల్లోనే బలహీనపరుస్తుంది. పెట్రోలియం జెల్లీ లోపల అంటుకుని కడిగినా పోదు. జెల్ ఆరిపోతే మళ్లీ వేసుకోవాలి, మధ్యలో నీటి చుక్క కలిపినా చాలు. మొద్దుబార్చే లిగ్నోకేన్ పూసుకుంటే నొప్పి లేకుండా అయిపోతుందా అని చాలామంది అడుగుతారు, వద్దంటాను. నొప్పి తెలియకపోతే చీలిక పడ్డాక గానీ ఆపరు.

లోపలికి పెట్టే దశకు ఆమె వెంటనే వెళ్లలేదు. బయటి వాడకం రెండు మూడు వారాలు ఇబ్బంది లేకుండా సాగాక, మొదట జెల్ రాసుకున్న తన చిటికెన వేలు, ఆ తరువాత సన్నని డైలేటర్, అంటే యోనిని మెల్లగా సాగడానికి అలవాటు చేసే నున్నని కడ్డీ వంటి సాధనం. యోనిమార్గం నిలువుగా పైకి పోదు, నడుం కింది ఎముక వైపు వాలి ఉంటుంది, అందుకే వెల్లకిలా పడుకున్నప్పుడు వెనక్కి, కిందికి దిశ చూసుకోవాలి. ఊపిరి వదులుతున్నప్పుడు మాత్రమే కొంచెం కొంచెంగా లోపలికి పోనివ్వాలి, ముక్కుతూ తోయకూడదు. పది మార్కులకు నొప్పి మూడు దాటితే అక్కడే ఆగి, తగ్గితే కొనసాగాలి, తగ్గకపోతే ఆ రోజుకు చాలించాలి. గర్భసంచి తీసినవారిలో యోని పైభాగం కుట్టేసి ఉంటుంది కాబట్టి ఆపరేషన్ తరువాత డాక్టర్ పరీక్షించి సరేననే దాకా, సాధారణంగా రెండు మూడు నెలలు, లోపల ఏదీ పెట్టకూడదు. కుట్లు విడితే పేగు కిందికి జారే ప్రమాదం ఉంది. ఆమెకు ఐదేళ్లు గడిచాయి, ఆ భయం లేదు.

దసరాకు ముందు భర్తకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, ఫోన్‌లో చెప్పారట. ఆయన కోపగించుకోలేదు, నవ్వలేదు. ఆయన అడిగింది ఒక్కటే, నా దగ్గర స్పీకర్‌లో పెట్టి మళ్లీ అడిగించారు: "చార్జింగుకు పెట్టి వాడితె షాక్ గొడ్తదా మేడం?" బిల్డింగు పనుల్లో కరెంటు ప్రమాదాలు చూసిన మనిషి, న్యాయమైన ప్రశ్నే. వైరు తీసేశాక లోపలి బ్యాటరీ తక్కువ వోల్టేజీది, షాక్ కొట్టదు. చార్జింగ్ పెట్టి ఉన్నప్పుడు మాత్రం ఒంటికి తాకించకూడదు, తడి చేత్తో పట్టకూడదు, దిండు కింద పెట్టి చార్జ్ చేయకూడదు. వేడెక్కినా, ఉబ్బినా పారేయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతంతో అతుక్కునే చార్జర్‌ను ఛాతీకి దూరంగా ఉంచాలి.

శుభ్రత విషయంలో ఆమె ఆసుపత్రి పద్ధతి ఊహించుకున్నారు. అంత అక్కర్లేదు. వాడే ముందు, వాడిన వెంటనే వాసన లేని సబ్బుతో గోరువెచ్చని నీళ్లతో కడగాలి, బటన్ చుట్టూ ఉన్న సందుల్లో వేలితో రుద్దాలి. మోటారు లేని సిలికాన్, స్టీలు వస్తువులను ఐదు నిమిషాలు మరిగించవచ్చు, మోటారు ఉన్నవాటిని మరిగించకూడదు. మా ప్రాంతపు బోరు నీళ్లు గట్టివి. ఆరాక తెల్లటి ఉప్పు పొర కట్టి గరుకుగా తయారవుతుంది కాబట్టి చివరగా తాగే ఫిల్టర్ నీళ్లతో ఒకసారి కడిగి, పోగులు రాలని బట్టతో తుడిచి, పూర్తిగా ఆరాకే విడి సంచిలో పెట్టుకోమన్నాను. మూత బిగించిన టిఫిన్ డబ్బాలో తడి నిలుస్తుంది. ఒకరు వాడింది మరొకరు వాడాల్సి వస్తే మధ్యలో కొత్త కండోమ్ తొడగాలి. ట్రైకోమోనాస్, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ వంటివి ఇలా కూడా ఒకరి నుంచి మరొకరికి సోకుతాయి.

మలద్వారం గురించి ఆమె అడగలేదు, అయినా చెప్పాను, ఎందుకంటే అత్యవసరంగా వచ్చేవి ఆ కేసులే. యోనికి పైన కొస ఉంది, వస్తువు కడుపులోకి పోదు. పెద్దపేగుకు ఆ అడ్డు లేదు, కండరం వస్తువును లోపలికి లాక్కుంటుంది. అందుకని అడుగున వెడల్పు అంచు లేని వస్తువును అక్కడ పెట్టకూడదు. అక్కడ వాడినదాన్ని కడగకుండా, కండోమ్ మార్చకుండా యోనికి తాకించకూడదు. ఇరుక్కుంటే గరిటె, తీగ పెట్టి కెలకడం, విరేచనాల మందు మింగడం రెండూ పేగును చింపే పనులే. సిగ్గు పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఆగని రక్తం, జ్వరం, కడుపునొప్పి, దుర్వాసన, మూత్రం రాకపోవడం ఉన్నా అంతే. ఓవరీలు పోయినవారిలో, ముట్లుడిగినవారిలో కొద్దిపాటి రక్తపు మరక కనిపించినా పరికరం గీరుకుందిలే అని వదిలేయకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పటి పరిస్థితి

మూడో నెల చివరికి మంట, మూత్రంలో చురుకు పోయాయి. బయట వాడే చిన్న వైబ్రేటర్‌తో ఆమెకు ఇబ్బంది లేదు. చాలా ఏళ్ల తరువాత తృప్తి కలిగిందని తల వంచుకోకుండానే చెప్పారు. దసరాకు భర్త వచ్చినప్పుడు కలయిక రెండుసార్లు నొప్పి లేకుండా, ఒకసారి నొప్పితో జరిగింది. ఆ ఒక్కసారి జెల్ వాడలేదు, ప్రయాణం బడలికలో ఇద్దరూ తొందరపడ్డారు. మధ్య సైజు డైలేటర్ దగ్గర కండరం ఇంకా బిగుసుకుంటోంది, క్రీమ్ ఒక్కటే దాన్ని సడలించలేదు. కటి కండరాలకు శిక్షణ ఇచ్చే ఫిజియోథెరపిస్ట్ కోసం హైదరాబాద్‌కు రాసిచ్చాను; అప్పటిదాకా కండరాలను బిగించే కెగెల్ వ్యాయామాలు చేయవద్దన్నాను, ఆమెకు కావలసింది సడలింపు. ఈస్ట్రియాల్ క్రీమ్ వారానికి రెండుసార్లు కొనసాగుతుంది. ఎముకల సాంద్రత పరీక్ష, మామోగ్రామ్ ఇంకా జరగాల్సి ఉన్నాయి. రెండింటినీ వచ్చే విజిట్‌కు ముందే చేయించుకుని రిపోర్టులు తెమ్మని రాసిచ్చాను.